కట్ట వైపు పెడలు, శిఖం వైపు తెడ్డు



ఈ పూట మీతో ఒక చిన్న పడవ గురించి మాట్లాడాలి. దాని పేరు కయాక్. ఒక్క మనిషి కూర్చునే సన్నటి పడవ. పది పన్నెండు అడుగుల పొడవుంటుంది. ఉత్తర ధ్రువం దగ్గర మంచు ప్రాంతాల్లో బతికే ఇన్యూట్ వేటగాళ్ళు సీలు తోలుతో కట్టుకున్న పడవ ఇది. ఇప్పుడు గట్టి ప్లాస్టిక్‌తో చేస్తున్నారు. గాలం వేసే ఇష్టం ఉన్న మన కుర్రాళ్ళు కొందరు దీన్ని కొంటున్నారు. ఇంకొందరు కొనాలని చూస్తున్నారు. వాళ్ళందరికీ ఒకటే అనుమానం. చేతుల్తో తెడ్డు వేసే కయాక్ కొనాలా? కాళ్ళతో పెడలు తొక్కే కయాక్ కొనాలా?

నా జవాబు ముందే చెప్పేస్తాను. రేడియోలో మాట ఒకసారి దాటిపోతే మళ్ళీ వెనక్కి తిప్పి వినలేం కదా. అందుకని మధ్యమధ్యలో మళ్ళీ చెప్తాను. కట్ట వైపు పెడలు. శిఖం వైపు తెడ్డు. ఇదీ నా మాట.

కట్ట అంటే మీకు తెలుసు. చెరువుకు అడ్డంగా కట్టిన గట్టు. అక్కడ నీళ్ళు లోతు. శిఖం అంటే చెరువు వెనక భాగం, నీళ్ళు పలచగా పరుచుకునే చోటు. వానాకాలంలో మునుగుతుంది, ఎండాకాలంలో తేలుతుంది. అక్కడ మోకాలి లోతు, నడుము లోతు, అంతే. గడ్డి, తుంగ, తుమ్మ మొద్దులు, గుండ్లు. మన తెలంగాణ చెరువు ఏది తీసుకున్నా ఈ రెండు ముఖాలూ ఉంటాయి. ఒకే చెరువు. కట్ట దగ్గర ఒక పడవ కావాలి. శిఖంలో ఇంకో పడవ కావాలి. చిక్కంతా అక్కడే ఉంది.

హైదరాబాదు పాతబస్తీ వాళ్ళకు దూరపు ఉదాహరణలు అక్కర్లేదు. మన మీర్ ఆలం చెరువే ఉంది. జూపార్కుకు పిల్లల్ని తీసుకుని వెళ్ళినవాళ్ళు ఆ నీళ్ళను చూసే ఉంటారు. బహదూర్‌పురా దాటి అటు వెళ్తుంటే కనబడుతుంది. మూడో నిజాం సికందర్ జా కాలంలో దివానుగా ఉన్న మీర్ ఆలం పేరు మీద కట్టిన చెరువు అది. 1804లో పని మొదలుపెట్టారు. రెండేళ్ళలో, 1806లో పూర్తి చేశారు. ఆ కట్ట ఒక వింత. తిన్నని గోడ కాదు. 21 కమానులు పక్కపక్కనే పడుకోబెట్టినట్టు ఉంటుంది. ప్రతి కమాను వీపు నీళ్ళ వైపు. నీళ్ళు ఎంత తోస్తే ఆ తోపు అంతా కమాను చివర్లకు, అక్కడి బలమైన దిమ్మెలకు చేరుతుంది. సుమారు కిలోమీటరు పొడవున అలా నిలబడి ఉంది. రెండు వందల ఏళ్ళు దాటింది. గండిపేట, అంటే ఉస్మాన్‌సాగర్, 1920లో వచ్చేదాకా ఊరికి తాగే నీళ్ళిచ్చిన చెరువుల్లో ఇది ముఖ్యమైనది. ఆ కట్ట ముందు నిలబడి చూసినప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది. ఇప్పుడు అందులోకి చేరుతున్న మురుగు చూస్తే బాధగా ఉంటుంది. రెండూ చెప్పాలి కాబట్టి చెప్తున్నాను.

ఆ కమానుల దగ్గర నీళ్ళు లోతు. అక్కడ పెడలు కయాక్ హాయిగా పోతుంది. అవతలి ఒడ్డుకు వచ్చేసరికి గుర్రపు డెక్క. ఆ మొక్క ఎక్కడో దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. మన చెరువుల్ని పచ్చని చాపలా కప్పేసింది. ఊదా రంగు పూలు పూస్తుంది, చూడటానికి బాగుంటుంది. కింద వేళ్ళు మాత్రం మూరెడు వేలాడుతుంటాయి. అందులోకి పెడలు పడవను తోలితే ఏమవుతుందో చెప్తాను. అది తెలియాలంటే ముందు ఈ పడవ కింద ఏముందో తెలియాలి.

పెడలు కయాక్‌లు రెండు రకాలు. ఒక రకంలో సైకిలు తొక్కినట్టే గుండ్రంగా తొక్కాలి. పడవ అడుగున చిన్న పంకా తిరుగుతుంది. ముందుకు తొక్కితే ముందుకు, వెనక్కి తొక్కితే వెనక్కి. రెండో రకంలో కుడి కాలు ఒకసారి, ఎడమ కాలు ఒకసారి ముందుకు తోయాలి. అడుగున రెండు రెక్కలు అటూ ఇటూ ఊగుతాయి. ఈ రెక్కల రకాన్ని అమెరికాలో హోబీ అనే కంపెనీ 1997లో బయటికి తెచ్చింది. మొదట్లో అది ముందుకే నడిచేది. తర్వాత వెనక్కి నడిపే ఏర్పాటు కూడా వచ్చింది. ఏ రకమైనా ఒకటి గుర్తు పెట్టుకోండి. పంకా గానీ రెక్కలు గానీ పడవ అడుగు కంటే ఇంకా కిందికి, దాదాపు అడుగున్నర దాకా వేలాడుతూ ఉంటాయి. పడవ వెనక చుక్కాని ఉంటుంది. దాన్ని చేతి దగ్గరున్న చిన్న పిడితో తిప్పుతాం.

ఇప్పుడు గుర్రపు డెక్క సంగతి. పంకా నాలుగు చుట్లు తిరిగేసరికి వేళ్ళు దానికి చుట్టుకుంటాయి. కాలు బిగుసుకుంటుంది. బలంగా తొక్కితే ఇంకా బిగుస్తుంది. అప్పుడు యంత్రాన్ని పైకి ఎత్తి, చేత్తో ఒక్కో పోగు తీయాలి. రెక్కల రకం కొంత నయం. ఒక పెడలును పూర్తిగా ముందుకు తోసి పెడితే రెక్కలు పడవ కడుపుకు అంటుకుపోతాయి. అలా తేలుతూ కొంత దూరం జారిపోవచ్చు. కానీ దట్టమైన చోట అదీ సాగదు. తెడ్డు పడవకు ఈ బాధ లేదు. దాని అడుగు నున్నగా ఉంటుంది. జానెడు లోతు నీళ్ళున్నా జారిపోతుంది. దారి లేకపోతే తెడ్డుతోనే డెక్కను పక్కకు నెట్టొచ్చు, అడుగు తగిలితే గెడలా పొడిచి పడవను వెనక్కి తోయొచ్చు.

మన చెరువుల్లో ఇంకో ప్రమాదం ఉంది. అది వేరే దేశాల వాళ్ళ సలహాల్లో దొరకదు. వినాయక నిమజ్జనం జరిగే చెరువుల్లో విగ్రహాల చట్రాలు, ఇనప చువ్వలు, కర్రలు అడుగున మిగిలిపోతుంటాయి. అవి పైకి కనబడవు. దానికి తోడు మన దక్కను నేల అంతా గుండ్లే కదా. నీళ్ళు నిండినప్పుడు గుండు పైభాగం నీటి మట్టానికి బెత్తెడు కిందే ఉండొచ్చు. తెడ్డు పడవ దాన్ని రాసుకుంటూ పోతుంది, ఒక గీత పడుతుంది. పెడలు పడవ పంకా దానికి కొట్టుకుంటే రెక్క విరుగుతుంది, లేదా ఇరుసు వంగుతుంది. ఆ విడి భాగం మన ఊళ్ళో వెంటనే దొరకదు. తెడ్డు విరిగితే ఏ వడ్రంగి అయినా ఒక రోజులో చెక్కి ఇస్తాడు.

కాబట్టి కొనేముందు ఒక పని చేయండి. మీరు ఎప్పుడూ గాలం వేసే చెరువుకు వెళ్ళండి. సన్నటి తాడుకు ఒక రాయి కట్టండి. ఎవరినైనా అడిగి వాళ్ళ పడవలో వెళ్ళి నాలుగైదు చోట్ల ఆ రాయి వదలండి. చాలా చోట్ల నడుము లోతు కూడా లేదనుకోండి, పెడలు మాట మరిచిపోండి. అంగడికి వెళ్ళి పడవ రంగు చూసేముందు, చెరువుకు వెళ్ళి నీళ్ళ లోతు చూడండి.

సరే, ఇంతసేపూ తెడ్డునే పొగుడుతున్నాడు, పెడలు ఎందుకు మరి అని మీరు అడగొచ్చు. దానికి జవాబు మనిషి చేతుల్లో ఉంది.

గాలం వేయడం చేతుల పని. కర్ర పట్టుకోవాలి. దారం చుట్టాలి. ఎర గుచ్చాలి. చేప పడితే కర్ర ఒక చేత్తో పైకెత్తి, ఇంకో చేత్తో చిన్న వలలోకి తీసుకోవాలి. తెడ్డు పడవలో ఆ రెండు చేతులూ తెడ్డుకే కావాలి. తెడ్డు ఒడిలో పెట్టి గాలం విసిరారు. దారం చుట్టేలోపల గాలి పడవను పది బారల అవతలికి తీసుకుపోయింది. మళ్ళీ కర్ర కింద పెట్టాలి, తెడ్డు తీయాలి, వెనక్కి రావాలి, తెడ్డు పెట్టాలి, కర్ర తీయాలి. గాలి ఉన్న రోజున సగం పొద్దు దీనికే పోతుంది. పెడలు పడవలో కాళ్ళు తొక్కుతూనే ఉంటాయి, చేతులు గాలం మీదే ఉంటాయి. ఎదురుగాలిలో మెల్లగా తొక్కుతూ ఒకేచోట నిలబడొచ్చు. పెద్ద బొచ్చె చేప ఒకటి గాలానికి పడి పడవను లాక్కుపోతుంటే, దాని వెంటే తొక్కుతూ పోవచ్చు. ఈ సుఖం చిన్నది కాదు. చేతి కండరాల కంటే తొడ కండరాలు చాలా పెద్దవి. చేతులు గంటలో అలసిపోయే దూరాన్ని కాళ్ళు హాయిగా దాటిస్తాయి.

ఈ చేతుల చిక్కు మన మత్స్యకారులకు కొత్తది కాదు. గంగపుత్రులు, ముదిరాజులు దీన్ని ఎన్ని తరాల నుంచి ఎదుర్కొంటున్నారో. కృష్ణ, తుంగభద్ర ఒడ్డున పుట్టి చూశారా? గుండ్రటి వెదురు బుట్ట. వెనకటికి తోలు కప్పేవారు, ఇప్పుడు మందపాటి ప్లాస్టిక్ పట్టా కప్పి తారు పూస్తున్నారు. గుండ్రంగా ఉన్న పడవకు ముందూ వెనకా ఏది? ఊరికే తెడ్డు వేస్తే అక్కడే గిర్రున తిరుగుతుంది. కానీ అలవాటున్న మనిషి అంచు మీదికి వంగి, పొట్టి తెడ్డును ముందువైపు నీళ్ళలో అటూ ఇటూ తిప్పుతూ పుట్టిని తిన్నగా లాక్కుపోతాడు. వల వదిలేటప్పుడు చూడండి. ఒక చేయి తెడ్డు మీద, ఇంకో చేయి వల మీద. భార్యాభర్తలు ఇద్దరూ ఉంటే ఒకరు తెడ్డు, ఒకరు వల. కొల్లేరులో తాటి మాను తొలిచి చేసిన దోనె ఉండేది. లోతు లేని నీళ్ళు కాబట్టి అక్కడ గెడ వేసి తోసేవారు. మన పట్నం చుట్టుపక్కల చెరువుల్లో థర్మోకోల్ దిమ్మెల మీద కూర్చుని, రెండు చేతులకూ చిన్న చెక్కముక్కలు పట్టుకుని నీళ్ళు తోసుకుంటూ పోయేవాళ్ళు ఉన్నారు. లారీ ట్యూబు మీద కూర్చునేవాళ్ళూ ఉన్నారు. ఎవరి నీళ్ళకు తగిన పడవ వాళ్ళు చేసుకున్నారు. నది లోతుకు పుట్టి, కొల్లేటి పలచని నీళ్ళకు దోనె. కంపెనీ ఏది మంచిదంటే అది చేసుకోలేదు. మనం వాళ్ళ దగ్గర నేర్చుకోవలసింది అదే.

అందుకే మళ్ళీ అంటున్నాను. కట్ట వైపు పెడలు, శిఖం వైపు తెడ్డు.

పెడలు పడవకు సరైన చోటు ఏది? పెద్ద నీళ్ళు. నాగార్జునసాగర్ లాంటిది. పాతబస్తీ నుంచి సుమారు 150 కిలోమీటర్లు. అక్కడ ఒడ్డు నుంచి కాస్త లోపలికి పోతే అడుగు అందదు. మొక్క ఉండదు. గాలి మాత్రం ఉంటుంది. నైరుతి గాలులు మొదలయ్యాక పడమటి గాలి నీళ్ళ మీద అలలు లేపుతుంది. అలాంటి చోట తెడ్డు వేసుకుంటూ రెండు కిలోమీటర్లు పోయి, గాలం వేసి, ఎదురుగాలిలో తిరిగి రావడం కష్టం. పోయేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి కష్టం తెలియదు. వచ్చేటప్పుడే తెలుస్తుంది. కాబట్టి తెడ్డు అయినా పెడలు అయినా ఒక నియమం. ముందు గాలికి ఎదురుగా పోండి. అలసిపోయాక అదే గాలి మిమ్మల్ని ఇంటికి తోస్తుంది.

పెడలు పడవ ఉన్నవాళ్ళకు ఇంకో మాట. పడవలో తెడ్డు కూడా ఉండి తీరాలి. పంకా ఇరుక్కుంటే, చుక్కాని తాడు తెగితే, ఆఖరికి ఒడ్డుకు చేర్చేది తెడ్డే. తెడ్డుకు ఒక చిన్న తాడు కట్టి పడవకు ముడి వేయండి, జారిపోకుండా. తెడ్డు వేయడం రాని మనిషి పెడలు పడవ ఎక్కి నడి చెరువుకు పోకూడదు. ఇది నేను గట్టిగా చెప్తున్న మాట.

ఇప్పుడు చేపల దగ్గరికి వద్దాం. ఏ చేప కావాలో తెలిస్తే ఏ పడవ కావాలో సగం తేలిపోతుంది.

కొర్రమీను సంగతి తీసుకోండి. మన తెలంగాణ రాష్ట్ర చేప అది. పాతబస్తీకి ఆ చేపతో ప్రత్యేకమైన చుట్టరికం కూడా ఉంది. దూద్‌బౌలిలోని బత్తిని కుటుంబం వాళ్ళు మృగశిర కార్తె రోజున ఉబ్బసం ఉన్నవాళ్ళకు చేప ప్రసాదం ఇస్తారు కదా, ఆ చేప కొర్రమీను పిల్లే. వైద్యం సంగతి వైద్యులు చెప్పాలి, అది నా విషయం కాదు. ఆ రోజు దేశం నలుమూలల నుంచీ జనం మన ఊరికి వస్తారు. మృగశిర కార్తెకు చేప తినాలని ఇంటింటా పట్టుదల. రాంనగర్ మార్కెట్‌లో, బేగంబజార్ మార్కెట్‌లో ఆ పొద్దు కాలు పెట్టే చోటుండదు.

ఈ కొర్రమీను ఎక్కడుంటుంది? లోతు నీళ్ళలో కాదు. శిఖం వైపు, గడ్డిలో, తామరాకుల కింద, తుంగ పక్కన. అది నీళ్ళలో ఉంటూనే పైకి వచ్చి గాలి పీల్చుకునే చేప. పైకి వచ్చినప్పుడు నీళ్ళు చిన్నగా కదులుతాయి. ఆ కదలిక చూసి, చప్పుడు లేకుండా దగ్గరికి జారి, ఎర వేయాలి. ఇది తెడ్డు పడవ పని. తెడ్డును నీళ్ళలో ముంచి మెల్లగా లాగితే అలికిడే ఉండదు. పడవ అంచుకు తెడ్డు తగిలి టక్కుమంటే మాత్రం చేప పోతుంది. ఈ చేపకు ఇంకో గుణం ఉంది. పిల్లలు పుట్టాక తల్లీతండ్రీ దగ్గరే ఉండి కాపలా కాస్తాయి. ఎర్రటి పిల్లల గుంపు ఒక ముద్దలా నీళ్ళ పైన ఆడుతుంటుంది, కింద పెద్ద చేపలుంటాయి. పిల్లల్ని కాపాడుకునే కోపంలో అవి దేన్నైనా కొరుకుతాయి. ఆ సమయంలో గాలం వేయడం తేలిక. దయచేసి వేయకండి. తల్లీతండ్రీ పోతే ఆ గుంపంతా ఒక పూటలో ఇతర చేపల పాలవుతుంది.

బొచ్చె, రవ్వ వేరు. బొచ్చె లోతు నీళ్ళలో, పైభాగంలో తిరుగుతుంది. రవ్వ కాస్త కింద, నడిమధ్యన. వీటి కోసం చెరువు మధ్యకు పోవాలి, ఒకచోట నిలబడాలి. ఇక్కడ పెడలు ఉపయోగపడుతుంది. తెడ్డు పడవ వాళ్ళు అయితే లంగరు వేసుకోవాలి. తాడుకు కట్టిన నాలుగు కిలోల రాయి చాలు. కానీ దాన్ని పడవ పక్కకు కట్టకండి. ముందు కొసకో వెనక కొసకో కట్టండి. పక్కకు కడితే గాలి గట్టిగా వచ్చినప్పుడు పడవ ఒరిగిపోతుంది.

ఇంకో జాగ్రత్త. చేప దగ్గరికి వచ్చినప్పుడు ప్రాణభయంతో పడవ కిందికి దూరుతుంది. పెడలు పడవ అయితే దారం పంకాకు చుట్టుకుని తెగుతుంది. చేప పడవ దగ్గరికి రాగానే తొక్కడం ఆపాలి, వీలైతే యంత్రాన్ని పైకెత్తాలి. అలవాటయ్యేదాకా కొన్ని చేపలు పోతాయి. పోనివ్వండి.

చేపలకంటే పెద్ద విషయం ఒకటుంది. అది వలలు. మన చెరువుల్లో చేపలు పట్టే హక్కు మత్స్యకారుల సహకార సంఘాలది. ప్రభుత్వం ఇచ్చే చేప పిల్లలను చెరువులో వదిలి, నెలల తరబడి కాపు కాసి, వాళ్ళు వేట మొదలుపెడతారు. సాయంత్రం వల కట్టి, తెల్లవారి తీస్తారు. నీళ్ళ మీద బెండ్లు మాత్రం తేలుతుంటాయి. వల కనబడదు. పెడలు పడవ ఆ వల మీదుగా పోతే పంకా దాన్ని చుట్టేస్తుంది, చింపేస్తుంది. వల చిరిగితే ఆ ఇంటికి ఆ రోజు సంపాదనా పోయింది, వల బాగుచేసే రోజూ పోయింది. మనది సరదా, వాళ్ళది బతుకు. తెడ్డు పడవ వల మీదుగా జారిపోతుంది, దేన్నీ చింపదు. నాకు తెడ్డు మీద మొగ్గు ఎక్కువ ఉండటానికి ఇదొక కారణం. దాచుకోవలసిన పని లేదు.

కాబట్టి ఏ చెరువులో పడవ దించాలన్నా ముందు ఆ సంఘం పెద్దమనిషి దగ్గరికి వెళ్ళండి. "అన్నా, నీ వల యాడుంది? మేం యాడ దిగాలె?" అని అడగండి. ఆ ఒక్క మాటతో మీకు చెరువు పటం చేతికొస్తుంది. గుండు ఎక్కడుందో, లోతు ఎక్కడుందో, మత్తడి, అంటే అలుగు, దుంకితే నీళ్ళు ఎటు లాగుతాయో, అంతా చెప్తారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఊరికి తాగునీళ్ళిచ్చే జలాశయాలు. అక్కడ అధికారుల అనుమతి లేకుండా పడవ దించకూడదు. పైగా వానలు పడి గేట్లు ఎత్తే రోజుల్లో ఆ ఛాయలకే పోకూడదు. సంగారెడ్డి దగ్గర మంజీరా అభయారణ్యం మొసళ్ళ కోసం పెట్టింది, అక్కడ కయాక్ మాటే వద్దు. వానాకాలం మొదట్లో చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో వేట మీద నిషేధం ఉంటుంది. ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అన్నది మీ జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.

ఇక ఇంటి సంగతి. షాలిబండలోనో, హుస్సేనీ ఆలంలోనో సన్నటి గల్లీలో, రెండో అంతస్తులో ఉంటున్నవాళ్ళు ఒకసారి ఆలోచించండి. పన్నెండు అడుగుల పడవను ఆ మెట్ల మలుపులో తిప్పగలరా? తెడ్డు కయాక్ బరువు ముప్పై కిలోల దగ్గర ఉంటుంది. ఇద్దరు మోయొచ్చు, గట్టి మనిషైతే ఒక్కడే భుజాన వేసుకుంటాడు. పెడలు కయాక్ యంత్రం, కుర్చీ, చుక్కాని అన్నీ కలిపి నలభై ఐదు, యాభై కిలోలు దాటుతుంది. దాన్ని ట్రాలీ ఆటో మీదికి ఎక్కించాలి, చెరువు దగ్గర దించాలి, బురదలో నీళ్ళ దాకా ఈడ్చాలి. ధర చూస్తే తెడ్డు పడవకు రెండింతలు, ఒక్కోసారి మూడింతలు. ఆ డబ్బుతో తెడ్డు పడవ ఒకటి, మంచి లైఫ్ జాకెట్టు, గాలం కర్రలు అన్నీ వస్తాయి. పడవ పెట్టుకునే చోటే లేదంటే గాలి నింపే కయాక్ ఉంది. మడిచి సంచిలో పెట్టి బస్సులో తీసుకుపోవచ్చు. గాలం ముల్లు గుచ్చుకోకుండా చూసుకోవాలి, ఇనప చువ్వలుండే చెరువులో దింపకూడదు. అంతే.

శరీరం సంగతి కూడా చూసుకోవాలి. భుజం నొప్పి ఉన్నవాళ్ళకు, చేతుల్లో పట్టు తగ్గిన పెద్దవాళ్ళకు పెడలు మంచిది. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకు, కాళ్ళు సహకరించని వాళ్ళకు తెడ్డు మంచిది. పోలియో వచ్చిన కాళ్ళతోనూ తెడ్డు పడవను అందరితో సమానంగా నడపొచ్చు. నీళ్ళ మీద ఆ తేడా చెరిగిపోతుంది. ఇలాంటివాళ్ళ విషయంలో కట్ట, శిఖం అన్న నా లెక్క పక్కన పెట్టేయండి. శరీరానికి ఏది హాయిగా ఉంటే అదే సరైన పడవ, ఆ పడవకు తగిన నీళ్ళు వెతుక్కుందాం.

కొనేముందు ఒకసారి తెడ్డు వేసి చూడాలనుకునేవాళ్ళు వికారాబాద్ జిల్లా కోట్‌పల్లి జలాశయానికి వెళ్ళండి. మన మూసీ పుట్టిన అనంతగిరి కొండలకు దగ్గరలోనే ఉంది. అక్కడ స్థానిక యువకులు కయాక్‌లు అద్దెకిస్తున్నారో లేదో ముందు కనుక్కోండి; ఉంటే జాకెట్టు తొడిగి, తెడ్డు ఎలా పట్టుకోవాలో చూపిస్తారు. ఒక గంట వేసి చూడండి. చేతుల్తో మాత్రమే లాగితే పది నిమిషాల్లో భుజాలు పట్టేస్తాయి. నడుము నుంచి తిరగాలి. కుడి వైపు తెడ్డు ముంచినప్పుడు కుడి భుజం ముందుకు, లాగినప్పుడు ఒళ్ళంతా తిరగాలి. ఇది తెలిసిన మనిషి పొద్దంతా తెడ్డు వేసినా అలసిపోడు. గంట అయ్యాక మీ ఒళ్ళే మీకు చెప్తుంది, తెడ్డు చాలునా, పెడలు కావాలా అని.

మీరు అడక్కపోయినా నా తీర్పు చెప్తాను. హైదరాబాదు చుట్టుపక్కల చెరువుల్లో గాలం వేసే మనిషి మొదటిసారి పడవ కొంటుంటే తెడ్డు పడవే కొనాలి. రెండు మూడు వానాకాలాలు దాని మీద నేర్చుకోవాలి. ఆ తర్వాత నెలకు రెండుసార్లైనా నాగార్జునసాగర్ లాంటి పెద్ద నీళ్ళకు పోయే తీరిక, ఓపిక, డబ్బు ఉంటే అప్పుడు పెడలు కొనొచ్చు. కొన్నా తెడ్డు పడవను అమ్మకండి. మీ ఊరి చెరువు శిఖం కోసం అది కావాలి.

ఆఖరుగా ఒక విన్నపం. లైఫ్ జాకెట్టు పడవలో కూర్చోవడానికి మెత్తగా ఉంటుందని కింద వేసుకునేవాళ్ళు కొందరున్నారు. దాన్ని తొడుక్కోండి. బకిల్సన్నీ పెట్టుకోండి. ఈత వచ్చినా తొడుక్కోండి. ఒడ్డు దగ్గర, నడుము లోతు నీళ్ళలో, కావాలనే పడవ తిరగేసి మళ్ళీ ఎక్కడం అభ్యాసం చేయండి. అది చేతనయ్యేదాకా లోతుకు పోకండి. ఒంటరిగా పోకండి. ఇంట్లో ఏ చెరువుకు పోతున్నారో, ఎన్ని గంటలకు తిరిగొస్తారో చెప్పి పోండి.